బొమ్మల పుస్తకం చినిగినా పర్వాలేదు, బీరువాలో ఉండకూడదు

పుట్టినప్పటి నుంచి ఆరేళ్ల వరకు పిల్లలున్న తల్లిదండ్రులు, తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు, అంగన్‌వాడీ టీచర్లు, ఆయాల కోసం

అంగన్‌వాడీ అనగానే మనకు గుర్తొచ్చేవి గుడ్లు, పాలు, బాలామృతం ప్యాకెట్, టీకాలు. "ఈ నెల గుడ్లు ఇంకా రాలేదేంటి?" అని అడిగే తల్లులు ఉన్నారు. అడగాలి కూడా. కానీ "మా పాపకు చూపించడానికి బొమ్మల పుస్తకం ఏదైనా ఉందా టీచర్?" అని అడిగేవాళ్లు చాలా తక్కువ. అలా అడగొచ్చనే సంగతే చాలామందికి తెలియదు.

ఒక సెంటర్‌లో మేం చూసిన సంగతి చెప్తాం. బీరువా తాళం తీస్తే లోపల బొమ్మల పుస్తకాలు వచ్చినవి వచ్చినట్టే, తాడు కూడా విప్పకుండా ఉన్నాయి. పైన దుమ్ము. అదే గదిలో పద్దెనిమిది మంది పిల్లలు చాప మీద చేతులు కట్టుకొని కూర్చున్నారు. "ఎందుకు ఇవ్వలేదమ్మా?" అంటే టీచరమ్మ, "పిల్లలకిస్తే చింపేస్తారండీ. రేపు ఎవరైనా వచ్చి స్టాక్ లెక్క అడిగితే నేనెక్కడ నుంచి తెచ్చి చూపించేది?" అంది. ఆమెను తప్పు పట్టలేం. చినిగిన పుస్తకానికి సంజాయిషీ అడిగేవాళ్లు ఉన్నారు గానీ, విప్పని కట్టకు సంజాయిషీ అడిగినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. ఆ బీరువాలోని పుస్తకాలు బిడ్డల చేతికి ఎలా చేరాలి, చేరాక వాటితో ఏం చేయాలి అన్నదే ఈ పీడీఎఫ్.

పథకంలో ఏముంది?

అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. అప్పటి నుంచీ అందులో ఆరు సేవలు ఉన్నాయి: అదనపు పోషకాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య పోషణ విద్య, పిల్లలకు పూర్వ ప్రాథమిక విద్య. అంటే చదువు ఇప్పుడు కొత్తగా తెచ్చి కలిపింది కాదు, మొదటి రోజు నుంచీ ఉన్నదే. ఇప్పుడు ఇదంతా 'సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0' కింద నడుస్తోంది. 2023 మే 10న కేంద్ర ప్రభుత్వం 'పోషణ్ భీ, పఢాయీ భీ' కార్యక్రమం మొదలుపెట్టింది. పోషణతో పాటు చదువు కూడా అని అర్థం. దాని కింద టీచర్లకు శిక్షణ ఇస్తున్నారు.

2024లో రెండు పుస్తకాలు వచ్చాయి. 'నవచేతన' అనేది పుట్టినప్పటి నుంచి మూడేళ్ల లోపు పిల్లలతో ఇంట్లో ఏం చేయాలో చెప్పేది. 36 నెలలకు 140 ఆటపనులు అందులో ఉన్నాయి. 'ఆధారశిల' మూడేళ్ల నుంచి ఆరేళ్ల పిల్లలకు, సెంటర్‌లో ఆటపాటలతో నేర్పించే పద్ధతి. మీకు ఈ పేర్లు నోరు తిరగకపోయినా ఇబ్బంది లేదు. టీచర్ ఇంటికి వచ్చినప్పుడు బరువు చూసి, రేషన్ సంగతి మాట్లాడి వెళ్లిపోవడమే కాదు, బిడ్డతో ఆడే ఆట, చూపించే బొమ్మ గురించి కూడా చెప్పాలని గుర్తుంటే చాలు. ఆశా కార్యకర్త కూడా బిడ్డకు 3, 6, 9, 12, 15 నెలలప్పుడు ఇంటికి వస్తుంది. ఆ వచ్చినప్పుడు బిడ్డ ఎదుగుదల గురించి అడగొచ్చు.

దీనికి ఫీజు లేదు. కులం, కార్డు, ఆదాయం అడ్డు కావు. బిడ్డకు ఇంకా ఆధార్ రాలేదా? తల్లి ఆధార్‌తో నమోదు చేస్తారు. పని కోసం వేరే ఊరు పోయినా అక్కడి అంగన్‌వాడీలో చేర్చుకోవాలి. భవన నిర్మాణానికి, ఇటుక బట్టీలకు వలస పోయే కుటుంబాలు ఈ మాట గట్టిగా గుర్తు పెట్టుకోవాలి.

బొమ్మల పుస్తకంతో ఏం వస్తుంది? అక్షరాలు రావు కదా!

రావు. ఏడాది బిడ్డకు, రెండేళ్ల బిడ్డకు అక్షరాలు రావాల్సిన పని కూడా లేదు. "పక్కింటి బాబు అప్పుడే ఏబీసీడీలు రాస్తున్నాడు, మావాడు బొమ్మలు చూస్తూ కూర్చుంటున్నాడు" అని బాధపడే తల్లులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఆ వయసులో బిడ్డకు కావాల్సింది మాటలు. బడిలో టీచర్ చెప్పేది అర్థం కావాలంటే ముందు మాటలు ఉండాలి. పలక మీద 'కుక్క' అని రాసి చూపిస్తే, కుక్క గురించి పది సంగతులు తెలిసిన బిడ్డ దాన్ని పట్టుకున్నంత తొందరగా తెలియని బిడ్డ పట్టుకోలేదు. ఆరేళ్ల లోపే మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా జరిగిపోతుందని 2020 జాతీయ విద్యా విధానం చెప్తోంది. బడిలో వేసే వయసు వచ్చాక చూద్దాంలే అంటే అప్పటికి చాలా కాలం అయిపోయి ఉంటుంది.

మాటలు ఇంట్లో ఎలాగూ వస్తాయి కదా అనొచ్చు. వస్తాయి. కానీ రోజంతా మనం పిల్లలతో అనే మాటలు ఒక్కసారి గమనించండి. రా, పో, తిను, ముట్టుకోకు, పడుకో. ఇవే ఎక్కువ. పుస్తకం తెరిస్తే ఏనుగు వస్తుంది, పడవ వస్తుంది, వాన వస్తుంది, అలిగి కూర్చున్న పిల్లి వస్తుంది. వంటింట్లో, వాకిట్లో రాని మాటలు అక్కడ వస్తాయి. పైగా ఆ పది నిమిషాలు తల్లీ బిడ్డా ఒకే చోట, ఒకే బొమ్మ చూస్తూ ఉంటారు.

ఒక చిన్న సంగతి. అమెరికాలో వైట్‌హర్స్ట్ అనే శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్లు రెండేళ్లు, రెండున్నరేళ్ల పిల్లల తల్లిదండ్రులను రెండు గుంపులు చేశారు. రెండు గుంపులూ పిల్లలకు పుస్తకాలు చదివి వినిపించేవే. ఒక గుంపుకు మాత్రం చదివేటప్పుడు ఎలా అడగాలో, బిడ్డ అన్న మాటను ఎలా పెంచాలో నేర్పారు. నెల రోజుల తర్వాత చూస్తే ఆ గుంపు పిల్లలు మాట్లాడటంలో ముందున్నారు. 1988లో ఇది ప్రచురించారు. రెండిళ్లలోనూ పుస్తకాలు ఉన్నాయి, తేడా అంతా అడిగే తీరులో ఉంది. మన ఇళ్లలో అది చేయడానికి శిక్షణ శిబిరం అక్కర్లేదు. కింద చూడండి.

ఎలా చూపించాలి?

ఒక పేజీ ఉందనుకోండి. చెట్టు కింద కుక్క గిన్నెలో అన్నం తింటోంది. కొమ్మ మీద కాకి. నాయనమ్మ ఒళ్లో రెండేళ్ల మనవడు.

"ఎవరున్నారు నాన్నా ఇక్కడ?"

"భౌ భౌ."

"ఆ! భౌ భౌ. కుక్క. పెద్ద కుక్క. ఏం చేస్తోంది కుక్క?"

(పిల్లవాడు బొమ్మ వంక చూస్తున్నాడు. నాయనమ్మ ఊరుకుంది.)

"బువ్వ."

"అవును, కుక్క బువ్వ తింటోంది. మన వీధి కుక్క కూడా పొద్దున్నే బువ్వ తినింది కదా?"

"కాకి! కాకి!"

"అబ్బో, కాకిని చూశావే! పైన కూర్చుంది. దానిక్కూడా ఆకలి అయితాందేమో!"

అంతే. ఇందులో నాయనమ్మ చేసిన పనులు నాలుగు: అడిగింది, ఆగింది, బిడ్డ అన్న మాటకు ఇంకో మాట కలిపింది, దాన్ని తమ వీధికి ముడేసింది. 'భౌ భౌ' అంటే "తప్పు, కుక్క అనాలి" అనలేదు. 'కుక్క' అని తనే అని ముందుకు పోయింది. బిడ్డ కాకి వైపు పోతే కుక్కను వదిలేసి తానూ కాకి వైపు పోయింది.

వీటిల్లో కష్టమైంది ఆగడం. మనకు ఓపిక తక్కువ. అడిగిన వెంటనే జవాబు రాకపోతే మనమే చెప్పేస్తాం. చిన్న పిల్లలకు ప్రశ్న విని, బొమ్మ వెతికి, మాట వెతికి, నోటి దాకా తెచ్చుకోవడానికి టైమ్ పడుతుంది. అడిగాక మనసులో ఒకటి నుంచి ఐదు దాకా నెమ్మదిగా లెక్కపెట్టండి. అప్పటికీ రాకపోతే మీరే చెప్పండి, అదేం నేరం కాదు. మరుసటి రోజు అదే పేజీ దగ్గర మళ్లీ అడగండి.

ఇక చేయకూడనిది పరీక్ష. "ఇదేంటి? ఇదేంటి? నిన్ననే చెప్పాను కదా, మర్చిపోయావా?" ఇలా మూడు రోజులు చేస్తే నాలుగో రోజు బిడ్డ పుస్తకం చూడగానే లేచి పోతుంది. చుట్టాలు వచ్చినప్పుడు "అంకుల్‌కు ఏనుగు చూపించు" అని నిలబెట్టడం కూడా పరీక్షే. 'ఇదేంటి?' అనేది అసలు అడగకూడదని కాదు, అదొక్కటే అడగొద్దని. "ఏం చేస్తోంది?", "ఎక్కడికి పోతోంది?", "ఎందుకు ఏడుస్తోంది?", "నువ్వైతే ఏం చేస్తావ్?" ఇవీ కలపండి.

ఒకే పుస్తకం ఇరవై సార్లు అడుగుతారు. మనకు విసుగు, వాళ్లకు కాదు. తర్వాతి పేజీలో ఏముందో ముందే తెలియడమే వాళ్లకు సంబరం. పేజీ తిప్పే ముందు ఆగి "ఇప్పుడు ఎవరొస్తారు?" అని అడగండి, ముఖం చూడండి.

ఏ వయసులో ఏం చేస్తారు?

మొదటి మూడు నెలల్లో బిడ్డకు జానెడు, జానెడున్నర దూరంలోవే బాగా కనిపిస్తాయి. నలుపు తెలుపు గీతలు, పెద్ద గుండ్రాలు, మనిషి ముఖం. పుస్తకం కంటే మీ ముఖమే పెద్ద బొమ్మ ఆ వయసులో. ఒళ్లో పెట్టుకొని మాట్లాడితే చాలు.

ఆరు నెలలకు పుస్తకం నోట్లో పెట్టుకుంటారు. పెట్టుకోనివ్వండి, ఆ వయసులో వస్తువును తెలుసుకునే దారి అదే. అందుకే ఈ వయసుకు గుడ్డ పుస్తకం, లేదా మందం అట్ట పుస్తకం. తొమ్మిది నెలల నుంచి ఏడాదిలోపు వేలు పెట్టి చూపించడం మొదలవుతుంది. బిడ్డ వేలు పెట్టి మీ వంక చూస్తే, 'దాని పేరు చెప్పు' అని అడుగుతున్నట్టే లెక్క. చెప్పండి. ఏడాదిన్నరకు రెండు మూడు పేజీలు ఒక్కసారే తిప్పేస్తారు, మధ్యలో లేచి పోతారు, మళ్లీ వస్తారు. కథ మొదటి నుంచి చివరి దాకా చదవాలని పట్టుబట్టొద్దు. రెండు నిమిషాలు కూర్చున్నా కూర్చున్నట్టే.

రెండేళ్లు దాటాక రెండు మాటలు కలుపుతారు. మూడేళ్లకు కథ కావాలి. నాలుగు, ఐదు ఏళ్లకు పుస్తకం వాళ్లే పట్టుకొని మనకు చెప్తారు, ఉన్న కథ కాకుండా సొంత కథ. సరిదిద్దకండి.

మాకు చదువు రాదు, ఎలా?

ఈ ప్రశ్న అమ్మమ్మలు, నాయనమ్మలే ఎక్కువ అడుగుతారు. నిజానికి ఈ పనిలో వాళ్లను మించినవాళ్లు లేరు. మాటలు లేని బొమ్మల పుస్తకం తీసుకోండి. బొమ్మ చూసి మీ మాటల్లో చెప్పండి. కింద రాసిన అక్షరాలు చదవాల్సిన పని లేదు. రాసి ఉన్నది పలకడం మీదే దృష్టి పెట్టి బిడ్డ వంక చూడని చదువుకున్న తండ్రి కంటే, చదువు రాకపోయినా కబుర్లు చెప్పే అవ్వే నయం.

భాష కూడా అంతే. పుస్తకంలో 'మార్జాలం' అని ఉంటే మీరు పిల్లి అనండి. 'వచ్చుచున్నది' అని ఉంటే వస్తాంది అనండి, వత్తంది అనండి, మీ ఇంట్లో ఎలా అంటే అలా. ఇంట్లో గోండి, కోయ, లంబాడీ, ఉర్దూ, ఒడియా మాట్లాడితే ఆ భాషలోనే బొమ్మ చూపించండి. ఇంటి భాష గట్టిగా వచ్చిన బిడ్డకు తెలుగైనా ఇంగ్లీషైనా తర్వాత అందుతుంది. "ఇంగ్లీషులో చెప్తే ఇప్పటి నుంచే అలవాటవుతుంది" అని, తమకే సరిగ్గా రాని భాషలో 'డాగ్, క్యాట్' దగ్గరే ఆగిపోతున్న తల్లిదండ్రులను చూస్తున్నాం. వాళ్లకు మా మాట ఒక్కటే: మీకు ఏ భాషలో పది సంగతులు చెప్పడం వస్తుందో ఆ భాషలో చెప్పండి.

ఫోన్‌లో బొమ్మలు చూపిస్తే సరిపోదా?

ఈ పీడీఎఫ్ మీకు ఫోన్‌లోనే వచ్చింది, కాబట్టి ఫోన్‌ను తిట్టే అర్హత మాకు లేదు. కానీ బిడ్డ సంగతి వేరు. ఏడాది లోపు బిడ్డకు స్క్రీన్ అసలు వద్దని, రెండేళ్ల లోపు కూడా మంచిది కాదని, రెండు నుంచి నాలుగేళ్ల వరకు రోజుకు గంట మించొద్దని, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కారణం సులువుగానే అర్థమవుతుంది. ఫోన్‌లో బొమ్మ తనే కదులుతుంది, తనే పాడుతుంది, బిడ్డ జవాబు కోసం ఆగదు. పుస్తకంలో కుక్క మొరగాలంటే ఎవరో ఒకరు మొరగాలి.

అన్నం తినడం లేదని ఫోన్ పెట్టి తినిపించే ఇళ్లు చాలా ఉన్నాయి. పనికి పోయి వచ్చిన తల్లికి అది తప్పని పరిస్థితి అని తెలుసు. ఒక్కసారిగా మానేయమని చెప్పం. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు మాత్రం పుస్తకానికి ఇవ్వండి.

ఫోన్ మీకు ఇంకో రకంగా పనికొస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ల 'స్టోరీవీవర్' వెబ్‌సైట్ 2015 నుంచి ఉంది. తెలుగులో బొమ్మల కథలు ఉచితంగా దించుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు. మీరు ముందు చదువుకొని కథ బిడ్డకు నోటితో చెప్పొచ్చు. కొనాలనుకుంటే నేషనల్ బుక్ ట్రస్ట్, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం, చెన్నైలోని తూలిక తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. జిల్లా కేంద్రంలో పుస్తక ప్రదర్శన పెట్టినప్పుడు వెళ్లి చూడండి.

ఇంట్లోనే చేసుకునే ఆట పుస్తకం

షాపుల్లో దొరికే ఆట పుస్తకాలు, అంటే మడత ఎత్తితే బొమ్మ కనిపించేవి, తాకితే మెత్తగా గరుగ్గా తగిలేవి, చిల్లులోంచి వేలు పోయేవి, చాలావరకు ఖరీదైనవి. ఇవి కొత్తవేం కాదు. తాకి చూసే 'పాట్ ద బన్నీ' అమెరికాలో 1940లో వచ్చింది. పేజీల్లో చిల్లులున్న 'ద వెరీ హంగ్రీ క్యాటర్‌పిల్లర్' 1969ది. మడతల కింద కుక్కపిల్లను వెతికే 'వేర్ ఈజ్ స్పాట్?' 1980ది. కొంగు చాటున ముఖం దాచుకొని 'బూ' అని తీసే మన ఆటే ఆ మడతల్లో ఉంది. కాబట్టి చేసుకోవడం కష్టం కాదు.

ఇంట్లో పాత పెళ్లి పత్రికలు ఉంటాయి. మందంగా ఉన్నవి ఐదారు తీసుకోండి. అన్నీ ఒకే సైజుకు కత్తిరించి, మూలలు గుండ్రంగా చేయండి, లేకపోతే కంట్లో పొడుచుకుంటారు. ఒక్కో అట్ట మీద ఒక్కో బొమ్మ: క్యాలెండర్ మీది ఆవు, సబ్బు పెట్టె మీది పువ్వు, టీ ప్యాకెట్ మీది కప్పు, ఇంట్లో అందరూ ఉన్న ఫోటో. ఫోటో పేజీ తప్పకుండా పెట్టండి, పిల్లలు ఎక్కువసేపు ఆగేది అక్కడే. మైదా పిండి ఉడికించి చేసిన జిగురుతో అతికించండి. బొమ్మ మీద ఇంకో చిన్న అట్టముక్క పైఅంచు వరకే అతికిస్తే అదే తలుపు. ఎత్తితే కింద ఆవు. "ఎవరబ్బా లోపల?" అని అడగడానికి ఇంతకంటే ఏం కావాలి? తలుపులు ఊడిపోతాయి, వారానికోసారి మళ్లీ అతికించుకోవాలి. ఎడమ పక్క రెండు చిల్లులు వేసి గట్టి దారంతో కుట్టి, ముడి బయటికి వేలాడకుండా దగ్గరగా కత్తిరించండి.

ఏడాది లోపు బిడ్డకైతే గుడ్డ పుస్తకం. పాత కాటన్ చీరను నాలుగు పొరలు వేసి కుట్టి, పేజీకి ఒక ముక్క: ఒక చోట పట్టు, ఒక చోట తువ్వాలు గుడ్డ, ఒక చోట గోనె. మెత్తగా, గరుగ్గా, జారుగా. మురికైతే ఉతికి ఎండలో వేయొచ్చు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. స్టేప్లర్ పిన్నులు వద్దు. గుండీలు, పూసలు, చమ్కీలు, శనగ గింజలు, చింత గింజలు అతికించవద్దు. ఊడితే నేరుగా నోట్లోకి, అక్కడ నుంచి గొంతులోకి. న్యూస్ పేపర్ సిరా నోట్లోకి పోతుంది, అది వద్దు. ఊడిన అట్టముక్కలను వెంటనే తీసేయండి.

నొక్కితే పాడే పుస్తకాలు: ఇది జాగ్రత్తగా చదవండి

జాతరల్లో, ఆన్‌లైన్‌లో బటన్ నొక్కితే కోడి కూసే పుస్తకాలు అమ్ముతున్నారు. వాటి లోపల గుండ్రంగా, మెరుస్తూ, చొక్కా గుండీలా ఉండే బ్యాటరీలు ఉంటాయి. బిడ్డ దాన్ని మింగితే, గొంతు కింద ఆహారనాళంలో ఇరుక్కుంటే, రెండు గంటల్లోనే లోపల కాలిన గాయం చేస్తుంది. ప్రాణం పోవచ్చు. అలాంటి పుస్తకం ఇంట్లో ఉంటే బ్యాటరీ మూతకు స్క్రూ ఉందా లేదా చూడండి. గోటితో తెరుచుకునేదైతే బ్యాటరీ తీసేసి, పుస్తకం మాత్రం ఉంచుకోండి. తీసిన బ్యాటరీ కూడా పిల్లలకు అందే చోట పడేయొద్దు.

మింగిందని అనుమానం వచ్చినా ఆగొద్దు. వాంతి చేయించొద్దు. 'మలంలో పోతుందిలే' అని చూడొద్దు. 108కి ఫోన్ చేసి ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. బ్యాటరీ పెట్టె లేదా అలాంటిదే ఇంకో బ్యాటరీ ఉంటే డాక్టర్‌కు చూపించడానికి వెంట తీసుకెళ్లండి.

చినిగితే ఎవరు కట్టాలి?

ఇప్పుడు మళ్లీ ఆ బీరువా దగ్గరకు వద్దాం. రెండేళ్ల బిడ్డ పేజీ తిప్పేటప్పుడు చినుగుతుంది. వేళ్లు ఇంకా అంత నాజూకుగా కదలవు, వాళ్లు కావాలని చేసేది కాదు. పలక పగిలితే పిల్లలు రాశారనుకుంటాం, బంతి పగిలితే ఆడారనుకుంటాం. పుస్తకం చినిగితే మాత్రం నష్టం అంటాం. ఇది మారాలి.

టీచర్లకు మా సూచన ఇది. పుస్తకాలకు విడిగా ఒక నోటుబుక్ పెట్టండి. శనివారం ఏ పుస్తకం ఏ ఇంటికి పోయింది, సోమవారం తిరిగి వచ్చిందా, రెండే గళ్లు. చినిగితే సెల్లో టేప్ వేసి మళ్లీ ఇవ్వండి. వేయడానికి వీలు లేనంత అయితే 'వాడకంలో చినిగింది' అని తేదీతో రాసి, సూపర్‌వైజర్ వచ్చినప్పుడు ఆ నోటుబుక్ చూపించి స్టాక్ రిజిస్టర్‌లో సంతకం చేయించుకోండి. మీ చేతిలో ఇప్పటికే బోలెడు రిజిస్టర్లు, యాప్ ఉన్నాయని తెలుసు. ఈ ఒక్క నోటుబుక్ మాత్రం మీ మీద మాట రాకుండా కాపాడేది.

సూపర్‌వైజర్లు, సీడీపీఓలకు కూడా ఒక మాట. సెంటర్‌కు వెళ్లినప్పుడు "ఎన్ని పుస్తకాలున్నాయి?" అని కాకుండా "ఎన్ని చినిగాయి?" అని అడగండి. ఒక్కటీ చినగకపోతే అప్పుడు అనుమానించండి.

తల్లిదండ్రులకు: పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాక చినిగితే దాచిపెట్టకండి. దాచిన ఇంటికి రెండో పుస్తకం పోదు. తీసుకొచ్చి ఇవ్వండి, బిడ్డను కొట్టకండి. చింపిందని దెబ్బ తిన్న బిడ్డ మళ్లీ పుస్తకం ముట్టుకోవడానికి భయపడుతుంది.

బిడ్డ పట్టించుకోకపోతే?

కొందరు పిల్లలు మొదట్లో పుస్తకం వైపు చూడరు, ఆకలో నిద్రో ఉంటుంది. వేరే పూట చూడండి. అయితే కొన్ని సంగతులు మాత్రం రాసి పెట్టుకోండి. వెనుక నుంచి పేరు పెట్టి పిలిస్తే ఏడాది బిడ్డ తిరగడం లేదు. ఏడాదిన్నర వచ్చినా వేలు పెట్టి దేన్నీ చూపించడం లేదు, మనం చూపించిన వైపు చూడటం లేదు. రెండేళ్లు వచ్చినా రెండు మాటలు కలపడం లేదు. ఇంతకు ముందు అన్న మాటలు ఇప్పుడు అనడం మానేసింది. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా "మా ఆయనకు కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయట" అని అత్తగారు చెప్పినా సరే, చూపించండి. వినికిడి లోపం కావచ్చు, కంటి చూపు కావచ్చు, ఎదుగుదల ఆలస్యం కావచ్చు, ఏమీ లేకపోవచ్చు కూడా. ఎంత తొందరగా తెలిస్తే అంత సాయం చేయొచ్చు.

దీనికి 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. ఆ వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి వస్తుంది. వాళ్లు వచ్చే రోజు టీచర్‌ను అడిగి తెలుసుకోండి, ఆ రోజు బిడ్డను తప్పకుండా తీసుకెళ్లండి. అవసరమైతే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. అక్కడ పరీక్షలు, చికిత్స ఉచితం. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఏ నెలకు బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో ఉంటుంది. టీకాల పేజీ ఒక్కటే చూసి మూసేయకుండా ఆ పేజీ కూడా తెరిచి చూడండి.

ఎవరిని అడగాలి?

ముందు టీచర్‌నే. గొడవగా కాదు, మామూలుగానే. "టీచర్, మన సెంటర్‌కు వచ్చిన ప్రీస్కూల్ కిట్‌లో బొమ్మల పుస్తకాలు ఉన్నాయా? శనివారం ఒకటి ఇంటికి ఇస్తారా? సోమవారం తెచ్చిస్తాను." నెలనెలా సెంటర్‌లో తల్లిదండ్రులతో ఈసీసీఈ డే జరుపుతారు, అందరి ముందూ అడగడానికి అది మంచి రోజు. నలుగురు తల్లులు కలిసి అడిగితే టీచర్‌కు కూడా ధైర్యం, "తల్లిదండ్రులే అడిగి తీసుకెళ్లారు" అని పైవాళ్లకు చెప్పుకోవచ్చు.

కిట్ రాలేదంటే సెక్టార్ సూపర్‌వైజర్‌ను, తర్వాత ఐసీడీఎస్ ప్రాజెక్టు ఆఫీసులో సీడీపీఓను అడగండి. నోటితో చెప్పినదానికంటే తెల్ల కాగితం మీద రాసి ఇచ్చి, ఇంకో కాపీ మీద తేదీతో సంతకం తీసుకుంటే మేలు. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో, తెలంగాణలో ప్రజావాణికి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు అర్జీ ఇవ్వొచ్చు. అర్జీలో సెంటర్ ఉన్న ఊరు, మండలం, మీ బిడ్డ వయసు, మీకు ఏం కావాలో ఒక్క వాక్యం రాస్తే చాలు. ఉదాహరణకు: "మా సెంటర్‌లోని బొమ్మల పుస్తకాలు పిల్లల చేతికి ఇప్పించగలరు."